బ్యాండ్ విడిపోయిందన్న వార్తలో రాయని సంగతులు

సంపాదకుడు గారికి,

ఏ రాక్ బ్యాండ్ విడిపోయినా పత్రికల్లో వార్త రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది: అహంకారం, సృజనాత్మక విభేదాలు. మొదటి మాట లోకంలో ఎవరికైనా సరిపోతుంది, రెండో మాట ఏమీ చెప్పదు. ఇరవై ముప్ఫై ఏళ్లు కలిసి వాయించినవాళ్ల మధ్య బంధం ఎక్కడ అరుగుతుందో తెలిసి రాస్తే ఆ వార్త ఇంకోలా ఉంటుంది. చాలా బ్యాండ్లలో గొడవ మూలాలు మొదటి రెండేళ్లలో ఎవరూ పట్టించుకోని ఏర్పాట్లలో ఉంటాయి. పాట ఎవరి పేరు మీద పడింది, వేదిక మీద ఎవరి శబ్దం ఎంత, రోజుకు ఎన్ని గంటలు కలిసి ఉండాలి, ఎవరి మాట చెల్లుతుంది. వేదికల మీద శబ్దం, పరికరాలు చూసుకునే పనిలో ఉన్నవాళ్లం కనుక వీటి గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు పేరు సంగతి. పాటకు రెండు రకాల ఆదాయం ఉంటుంది. బాణీ, సాహిత్యం రాసినందుకు వచ్చేది ఒకటి, దాన్ని వాయించి రికార్డు చేసినందుకు వచ్చేది ఇంకొకటి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవారికి రాయల్టీ ఉంటుంది, వాయించినవారికి ఉండదు. కచేరీలు ఆపేసినా రాసినవాడికి డబ్బు అందుతూనే ఉంటుంది. అలా పదేళ్లు గడిచేసరికి ఒకే వ్యాన్‌లో తిరిగిన నలుగురిలో ఒకరికి సొంత ఇల్లు, మిగతా ముగ్గురికి అద్దె ఇల్లు. అప్పుడు ‘ఈ ఏడాది ఎన్ని కచేరీలు చేద్దాం’ అని అడిగితే జవాబులు కలవవు. రాసేవాడు ఇంటిపట్టున ఉండి కొత్త పాటలు చేసుకుందామంటాడు. డ్రమ్మర్‌కు కచేరీలే జీతం. బయటికి చెప్పేటప్పుడు దీనికే సృజనాత్మక విభేదం అని పేరు పెడతారు.

పాట రాయడం అంటే ఏమిటో తేల్చడమూ తేలిక కాదు. గాయకుడు పాడే బాణీ, మాటలు లెక్కలోకి వస్తాయి. జనం కూనిరాగం తీసే గిటార్ ముక్క, పాటను నిలబెట్టిన బేస్ గిటార్ నడక, చరణానికి ముందు డ్రమ్స్ ఆగి మళ్లీ అందుకునే చోటు – ఇవి చాలాసార్లు లెక్కలోకి రావు. బ్రిటిష్ బ్యాండ్ క్వీన్ 1975లో ‘బొహీమియన్ రాప్సోడీ’ని సింగిల్‌గా (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డుగా) విడుదల చేసినప్పుడు రికార్డు రెండో వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన పాట ఉంది. రికార్డు కొన్నవాళ్లందరూ రెండు వైపులకూ డబ్బు కట్టినట్టే కనుక, మొదటి వైపు పాట రాసిన ఫ్రెడీ మెర్క్యురీకి రికార్డు అమ్మకాల మీద ఎంత వచ్చిందో టేలర్‌కూ అంతే వచ్చింది. ఆ బ్యాండ్‌లో ఈ విషయం చాలాకాలం నలిగింది. చివరికి 1989 ఆల్బమ్ నాటికి ఎవరు రాసినా బ్యాండ్ పేరే వేయాలని నిర్ణయించుకున్నారు. ఏ పాట సింగిల్‌గా వెళ్లాలన్న చర్చలోంచి డబ్బు తప్పుకుంది. అమెరికా బ్యాండ్ ఆర్.ఇ.ఎం. ఆ పని 1980లో మొదలైనప్పటి నుంచే చేసింది, పాటల కింద నలుగురి పేర్లూ ఉంటాయి. 2011లో వాళ్లు విడిపోయినప్పుడు కోర్టుకెక్కాల్సిన పని పడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ బ్రిటిష్ బ్యాండ్ ది స్మిత్స్. పాటలు రాసినందుకు వచ్చే డబ్బు గాయకుడు మొరిస్సీ, గిటారిస్టు జానీ మార్‌లది, దానిమీద తగవు లేదు. రికార్డులు, కచేరీల లాభంలో ఆ ఇద్దరూ చెరో 40 శాతం తీసుకుని బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లకు చెరో 10 శాతం ఇచ్చారు. రాతలో ఏమీ లేదు. డ్రమ్మర్ మైక్ జాయిస్ కోర్టుకు వెళ్తే 1996లో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. వేరే ఒప్పందం ఉన్నట్టు రుజువు కాకపోతే భాగస్వాములందరిదీ సమాన వాటా అని బ్రిటన్ 1890 భాగస్వామ్య చట్టం చెబుతుంది. ఆ లెక్కన అతని వాటా 25 శాతం. బ్యాండ్ ఆగిపోయింది 1987లో. తొమ్మిదేళ్ల తర్వాత తీర్పు ఇవ్వడానికి కోర్టుకు దొరికింది ఎక్కువగా నలుగురి జ్ఞాపకాలే.

అందుకే అనుభవం ఉన్న బ్యాండ్లు స్ప్లిట్ షీట్ (పాటలో ఎవరి వాటా ఎంతో రాసే కాగితం) రాసుకుంటాయి. ఒక పేజీ చాలు. పాట పేరు, తేదీ, ప్రతి ఒక్కరి అసలు పేరు, ఎవరిది మాట, ఎవరిది బాణీ, ఎవరికి ఎంత శాతం, మొత్తం కలిపితే వంద, కింద సంతకాలు. పాట పూర్తయిన రోజే, రిహార్సల్ గది తలుపు దాటకముందే రాయాలి. పాట హిట్టయ్యాక రాద్దామంటే అందరికీ తమ ముక్కే పెద్దదిగా గుర్తుంటుంది. తర్వాత పాట మారితే పాత కాగితం మీద దిద్దకుండా కొత్తది రాయాలి.

సమాన వాటాలోనూ ఒక చిక్కుంది. పదో ఆల్బమ్ నాటికి అన్ని పాటలూ తానే మోస్తున్నానని రాసేవాడు లోలోపల లెక్క వేసుకోవడం మొదలుపెడతాడు. మధ్యేమార్గం ఒకటుంది: రాసినవారికి సగం, మిగతా సగం గదిలో ఉన్న అందరికీ సమానంగా. నలుగురిలో ఒక్కరే రాస్తే అతనికి 62.5, మిగతావారికి తలా 12.5 వస్తుంది. మా అభిప్రాయంలో ఎక్కువకాలం నిలిచే పద్ధతి ఇది, ఎవరికీ పూర్తి సంతృప్తి ఉండదు గనుక.

డబ్బు తేలినా పాట తయారయ్యే తీరులో ఇంకో పేచీ ఉంది. ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీదే డ్రమ్స్, బేస్, కీబోర్డ్ అన్నీ పెట్టి పూర్తి డెమో (నమూనా రికార్డింగ్) చేసుకుని తేవడం మామూలైంది. విన్న నిమిషంలో మిగతా ముగ్గురికీ అర్థమవుతుంది, తమ పని నకలు దించడమేనని. రెండు మూడు ఆల్బమ్‌లు అలా గడిచాక వాళ్లు గదికి ఆలస్యంగా రావడం మొదలవుతుంది, ఫోన్లు బయటికొస్తాయి. డెమోలో శ్రుతి, పల్లవి, చరణం, గొంతు ఇంతే ఉంచి, డ్రమ్స్ తీసేసి వినిపించాలి. తప్పనిసరిగా తాళం కావాలంటే ఒట్టి క్లిక్ (లయ చూపే టిక్ టిక్ శబ్దం) పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ డ్రమ్స్‌కు చెవి అలవాటుపడి, మనిషి ఏం వాయించినా తప్పుగానే వినిపిస్తుంది. ఏ సూచన వచ్చినా మాటలతో కొట్టేయకుండా ఇరవై నిమిషాలు వాయించి చూశాకే కాదనాలన్న నియమం పెట్టుకున్న గదుల్లో గొడవలు తగ్గుతాయి. ప్రతి రిహార్సల్‌నూ ఫోన్‌తోనైనా రికార్డు చేసి తేదీ వేసి దాచాలి. ఆ ముక్క ఎవరిదన్న వాదన రేపొస్తే అదే ఆధారం.

మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను మోతాదు చూసి కలపడం) రోజున అందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం అంత పిచ్చిపని ఇంకోటి లేదు. గిటార్ పెంచమంటారు, అది పెరిగితే గొంతు మునిగిందంటారు, గొంతు పెరిగితే డ్రమ్స్ బలం పోయిందంటారు. సాయంత్రానికి అన్నీ పెరిగి, మొదలుపెట్టిన చోటికే వస్తారు, కాకపోతే ఇంకా హోరుగా. ఎవరికి వారు ఇంట్లో విని, ఏ నిమిషం దగ్గర ఏం మారాలో రాసి ఒక్కరికి పంపాలి. ఆ ఒక్కరు కలిపి ఇంజనీర్‌కు ఇవ్వాలి. మూడు విడతలు దాటనివ్వకూడదు. మిక్స్ ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే మెటాలికా 1988 ఆల్బమ్ వినండి. కొత్తగా చేరిన జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ అందులో దాదాపు వినిపించదు. అతను 2001లో బ్యాండ్ వదిలేశాడు. బయట ఇంకో బ్యాండ్ పెట్టుకోవడానికి ఒప్పుకోకపోవడం అప్పటి తక్షణ కారణం. ఆ రోజుల్లో తమ మధ్య సంబంధాలు చక్కదిద్దడానికి వాళ్లు పెట్టుకున్న సలహాదారుకు నెలకు 40,000 డాలర్లు ఇచ్చారు. అదంతా 2004లో వచ్చిన డాక్యుమెంటరీలోనే ఉంది. గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మద్యపానం మాన్పించే చికిత్స నుంచి తిరిగొచ్చాక మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకే పనిచేస్తానన్నాడు. అతను లేనప్పుడు రికార్డు చేసినవి వినడం కూడా వద్దన్న దగ్గర పెద్ద గొడవైంది. నాలుగు గంటల నియమం విన్నవాళ్లకు నవ్వొచ్చింది గానీ, ఆ బ్యాండ్ నేటికీ కలిసే ఉంది.

ఇక శబ్దం. ఇది మా పని కనుక కాస్త ఎక్కువే రాస్తాం. బ్యాండ్‌లో మనుషుల మధ్య కోపం చాలావరకు యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) నేల మీద పెట్టడంతో మొదలవుతుందంటే అతిశయోక్తిలా ఉంటుంది. అయినా చూడండి. గిటార్ యాంప్ స్పీకర్‌లోంచి పదునైన శబ్దం టార్చిలైటు వెలుగులా ఒకే దిశలో సూటిగా వెళ్తుంది. నేల మీద పెడితే అది వాయించేవాడి మోకాళ్లకు తగులుతుంది, చెవికి మందంగా వినిపిస్తుంది. అతను ట్రెబుల్ (పదునైన శబ్దం) పెంచుతాడు, వాల్యూమ్ పెంచుతాడు. ముందు వరుసలో వాళ్లకు చెవులు గింగుర్లు. బేస్ వాయించేవాడికి తనది వినిపించక అతనూ పెంచుతాడు, డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొడతాడు. గాయకుడి మానిటర్ (అతని గొంతు అతనికి వినిపించే స్పీకర్) పెంచితే మైకు కీచుమంటుంది. దాంతో అతను అరిచి పాడతాడు. మూడో కచేరీకి గొంతు పోతుంది. నెపం గిటారిస్టు పొగరు మీద పడుతుంది.

సరిచేయడానికి పెద్ద ఖర్చు లేదు. యాంప్‌ను కుర్చీ ఎత్తుకు లేపి, తల వైపు వాల్చాలి. వంద వాట్ల యాంప్ స్థానంలో యాభై వాట్లది తెస్తే తగ్గేది మూడు డెసిబెల్సే, ఆ తేడా చెవికి కొద్దిగానే తెలుస్తుంది. పది వాట్లకు దిగితే పది డెసిబెల్స్ తగ్గి, చెవికి దాదాపు సగం అనిపిస్తుంది. హాలుకు చేరాల్సిన శబ్దాన్ని మైకు, పెద్ద స్పీకర్లు చూసుకుంటాయి. అయినా పెద్ద యాంప్ వదలడానికి గిటారిస్టుకు మనసొప్పదు. అక్కడ మాత్రం అహంకారం అన్న మాట వాడుకోవచ్చు.

చెవి లెక్క ఇంకా కఠినం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ చెప్పే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది: 88కి నాలుగు గంటలు, 94కి ఒక గంట, 100కి పదిహేను నిమిషాలు. రాక్ వేదిక మీద 100 దాటడం మామూలు, కచేరీ గంటన్నర, దానికి ముందు సౌండ్‌చెక్. డ్రమ్మర్ పక్కన నిలబడేవాడికి సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) వైపు చెవి ముందు పాడవుతుంది. అతను అడిగినదాన్నే మళ్లీ అడుగుతుంటాడు, మిగతావాళ్లు పట్టించుకోవడం లేదని విసుక్కుంటారు. ఆ విసుగు వెనక వినికిడి సమస్య ఉందని తేలేసరికి ఏళ్లు గడుస్తాయి. ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్ 2016లో టూర్ మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది వినికిడి పూర్తిగా పోతుందని వైద్యులు హెచ్చరించినందుకే. మిగిలిన కచేరీలు గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సెల్ రోజ్ పాడాడు.

సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్‌లు వేరే ఉంటాయి. చెవి అచ్చు తీసి చేయించి, 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లలో ఒకటి పెట్టుకోవచ్చు. మామూలు స్పాంజి ముక్కలు పదునైన శబ్దాన్ని ఎక్కువగా, మందమైనదాన్ని తక్కువగా తగ్గిస్తాయి, అందుకే అవి పెట్టుకుని వాయించినవాళ్లు అన్నీ బురదగా వినిపిస్తున్నాయని తీసేస్తారు. ఇన్-ఇయర్ మానిటర్లతో (చెవిలోనే శబ్దం వినిపించే ఇయర్‌ఫోన్లతో) ఇంకా మేలు, కానీ రెండు తప్పులు ప్రతిచోటా చూస్తాం. జనం కేకలు వినిపించాలని ఒక చెవిది తీసేయడం మొదటిది. తెరిచిన చెవికి వేదిక హోరంతా తగులుతుంది, మూసిన చెవికి సరిపోక అక్కడ వాల్యూమ్ పెంచుతారు, రెండూ పాడవుతాయి. జనం శబ్దం కావాలంటే వేదిక అంచుల్లో రెండు మైకులు పెట్టి అందులో కలపాలి. రెండోది ఎవరూ తప్పుగా అనుకోనిది: ఎవరి మిక్స్ వారికి వచ్చాక ఒకరినొకరు వినడం మానేస్తారు. గిటారిస్టు చెవిలో గిటార్, గాయకుడి చెవిలో గొంతు. ప్రతి ఒక్కరి మిక్స్‌లోనూ డ్రమ్స్, గొంతు ఒక మోతాదులో తప్పనిసరిగా ఉండాలని, పాటల మధ్య మాట్లాడుకోవడానికి హాలుకు వినిపించని ఒక మైకు ఉండాలని మేం పట్టుబడతాం.

ఇరవై రెండేళ్ల గొంతుతో రికార్డు చేసిన పాటను అరవయ్యో ఏట అదే శ్రుతిలో పాడమనడం అన్యాయం. అర శ్రుతి తగ్గించడానికి చాలా బ్యాండ్లు ఇష్టపడవు, ఓడిపోయినట్టు భావిస్తాయి. తగ్గించాక పనులు కూడా ఉంటాయి. తెరిచిన తీగ మీద వాయించే గిటార్ ముక్కలను వేళ్లు కిందికి జరిపి వాయించలేరు గనుక గిటార్ మొత్తాన్నీ దింపాలి. 9 నంబరు తీగలు (నంబరు పెరిగితే తీగ లావు) అర శ్రుతికే వదులవుతాయి, 10కి మారాలి. ఒక శ్రుతి దింపితే 11. తీగ మారితే గిటార్ మెడ వంపు మారుతుంది, మెడ లోపలి కడ్డీ ట్రస్ రాడ్ సరిచేసి పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం చూసుకోవాలి. కీబోర్డ్‌లో ముందే రికార్డు చేసిన శబ్దాలుంటే వాటినీ మళ్లీ తయారుచేయాలి, ఇది మరిచిపోతే మొదటి పల్లవిలోనే అపస్వరం. గాయకుడి గొంతును పాడుచేసేది పాట ఒక్కటే అనుకోకండి. పగలంతా ఇంటర్వ్యూలు, కచేరీ తర్వాత హోరులో అరిచి మాట్లాడటం, అర్ధరాత్రి తిని వెంటనే పడుకుంటే పైకి తన్నే ఆమ్లం – ఇవన్నీ కలిసి. వరసగా రెండు రాత్రులు పాడితే మూడో రాత్రి సెలవు ఉండాలి. ఆ సెలవు కచేరీ లేని రోజుగా కనిపిస్తుంది కనుక మేనేజర్ మొదట కొట్టేసేది దాన్నే.

మేనేజర్ ఎందుకలా చేస్తాడో లెక్కలో ఉంది. కచేరీకి వచ్చింది వంద పాళ్లనుకుంటే బుకింగ్ ఏజెంట్‌కు సుమారు పది, మేనేజర్‌కు పదిహేను నుంచి ఇరవై, లెక్కలు చూసేవారికి అయిదు. మిగిలిన అరవై అయిదు, డెబ్బైలోంచి బస్సు, సిబ్బంది, లైట్లు, బీమా పోవాలి. బ్యాండ్ తినేది అడుగున మిగిలింది. సిబ్బంది జీతం, బస్సు అద్దె సెలవు రోజూ నడుస్తాయి, కాబట్టి సెలవు రోజంటే నష్టం. మొత్తం వసూలు మీద కమీషన్ తీసుకునే మేనేజర్‌కు ఆ ఖర్చుతో పని లేదు, అతనికి కచేరీల సంఖ్యే ముఖ్యం. కమీషన్ ఖర్చులు పోగా మిగిలినదాని మీద ఉండాలని మొదటి ఒప్పందంలోనే రాయించుకుంటే ఈ పోటు కొంత తగ్గుతుంది. మెటాలికా కొన్నేళ్లుగా రెండు వారాలు టూర్, రెండు వారాలు ఇల్లు అన్న పద్ధతి పాటించింది. ఖాళీ వారాల్లోనూ సిబ్బందిని పోషించగల బ్యాండ్‌కే అది సాధ్యం. చిన్న బ్యాండ్లకు దాన్ని ఆదర్శంగా చూపించడం తగదు.

కలిసి తిరగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాయించేది గంటన్నర, మిగతాదంతా ఎదురుచూపు. పన్నెండు పడకల బస్సులో పడకకు తలుపు ఉండదు, తెర ఉంటుంది. రమోన్స్ 1974 నుంచి 1996 వరకు 2,263 కచేరీలు చేశారు. అందులో ఎక్కువ ఏళ్లు గాయకుడు జోయీ, గిటారిస్టు జానీ మాట్లాడుకోలేదు. ఫ్లీట్‌వుడ్ మాక్ 1977 ఆల్బమ్‌లో విడిపోయిన జంటలు ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటలకు ఒకరికొకరు గొంతు, వాద్యం కలిపారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి రాత్రికోసారి వాటినే వాయించారు. దాని గురించి రాసేవాళ్లంతా మురిసిపోతారు. ఆ పని చేయమని ఎవరికీ చెప్పం.

మాట ఎవరిది చెల్లాలన్న దగ్గర నలుగురున్న బ్యాండ్లలో రెండు రెండుగా చీలి రోజులు గడుస్తాయి. అన్నింటికీ ఒకే రకం ఓటు పెట్టుకోవడమే దానికి కారణం. రోజువారీ ఖర్చు, ప్రయాణం ఒక్కరికి అప్పగించాలి. కచేరీల సంఖ్య మెజారిటీతో తేలాలి, సమానమైతే తక్కువ సంఖ్యే చెల్లాలి. బ్యాండ్ పేరు, కొత్త మనిషి, పాటను ప్రకటనలకు ఇవ్వడం – ఈ మూడింటికి అందరూ ఒప్పుకోవాలి. కొత్తగా వచ్చినవాడు జీతగాడా, వాటాదారా, వాటా అయితే ఏ తేదీ నుంచి వచ్చే పాటలకు అన్నది అతను మొదటి కచేరీ వాయించే ముందే రాయాలి.

విడిచిపెట్టి వెళ్లే మనిషి గురించి కూడా ఆ కాగితంలోనే ఉండాలి. పింక్ ఫ్లాయిడ్ నుంచి 1985లో బేస్ వాయించే రోజర్ వాటర్స్ బయటికెళ్లినప్పుడు బ్యాండ్ పేరు ఎవరిదన్న తగవు 1987 చివరిదాకా సాగింది. ఆర్.ఇ.ఎం. డ్రమ్మర్ బిల్ బెరీకి 1995లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో వేదిక మీదే మెదడు రక్తనాళం చిట్లింది. కోలుకుని, 1997లో మర్యాదగా తప్పుకున్నాడు. పాత పాటల మీద అతని పేరు అలాగే ఉంది. రష్ బృందంలో మాటలు రాసే డ్రమ్మర్ నీల్ పియర్ట్ ఏడాది వ్యవధిలో కూతుర్ని, భార్యను పోగొట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ కొత్త డ్రమ్మర్‌ను వెతక్కుండా ఆగారు, 2002లో ముగ్గురూ కలిసే ఆల్బమ్ తెచ్చారు. రాసుకోవాల్సినవి ఇవి: వెళ్లేవాడు పేరు వాడొచ్చా, పాత రాయల్టీ ఎవరు, ఎన్ని నెలలకోసారి పంపాలి, ఉమ్మడి అప్పులో అతని భాగం ఎంత, ఉమ్మడి డబ్బుతో కొన్న యాంపులు, డ్రమ్స్ ఎవరివి, జబ్బు చేస్తే ఎన్ని నెలలు వాటా కొనసాగుతుంది, ఆ నెలల్లో బదులు వాయించేవాడికి జీతం ఎవరి ఖాతాలోంచి. చివరి రెండూ చాలా ఒప్పందాల్లో ఉండవు. జబ్బు వచ్చేది మాత్రం ఎక్కువగా టూర్ మధ్యలోనే, టిక్కెట్లు అమ్ముడయ్యాకే.

భవదీయులు,
వేదికల మీద శబ్దం, వాద్య పరికరాలు చూసుకునే ఇద్దరు పాఠకులు